కారు దీపాలకు పూయించిన పసుపు

రోజూ పొద్దున్నే మా అమ్మాయి కారు ముందు దీపాలకి నీళ్లు పోయడం నా పని. పొడిగుడ్డ పెట్టకూడదు. రాత్రి కురిసిన మంచుతో పాటు రోడ్డు దుమ్ము కూడా వాటికి అంటుకుని ఉంటుంది, పొడిగుడ్డతో రుద్దితే ఆ దుమ్మే గీతలు పెడుతుంది. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనివ్వాలి, తర్వాత మెత్తటి తడిగుడ్డతో అద్దాలి. అంట్లసబ్బు పనికిరాదు, కారు షాంపూ రెండు చుక్కలు చాలు. నెలకోసారి మైనం పట్టించాలి. అరకు స్టేషను బయట ఎండలో గంటలకొద్దీ నిలబెట్టాల్సి వస్తుంది గనక, నా పాత లుంగీ చింపి రెండు ముసుగులు కుట్టాను. బండి ఆగగానే అవి తొడగాలి. చూసి జీపు డ్రైవర్లు నవ్వుతారు.

"ఏటి తాతా, కారుకేటైనా పెళ్లిసూపులా? ముసుగేసి కూకోబెట్టినావు?"

నవ్వనీ. ఎందుకు చేస్తున్నానో వాళ్లకి ఒకసారి చెప్పాను. నమ్మలేదు.

నేను అనంతగిరి ఘాటీలో జీపు తోలిన రోజుల్లో దీపాలకి గాజు ఉండేది. పొయ్యిలో బూడిద తీసి, తడి గడ్డితో రుద్దితే తళతళలాడేది. వానాకాలం చుట్టపొగాకు నలిపి ముందద్దానికి పూస్తే నీటిబొట్టు నిలిచేది కాదు. ఇవేవీ ఎవరూ నేర్పలేదు. అక్షరాలు కూడా ఎవరూ నేర్పలేదు. మా కొండ మీద బడి లేని కాలం అది. లారీల వెనక రాతలూ, కిలోమీటరు రాళ్లూ, పకోడీ పొట్లాల కాగితాలూ కూడబలుక్కుని చదువుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది: తన చేత్తో తాను తెలుసుకోని సంగతి ఎవరు చెప్పినా ఒళ్లు మండుతుంది. నాకా జబ్బు ముదిరిపోయింది.

గాజు తీసేసి ప్లాస్టిక్కు పెట్టిన మహానుభావుడెవడో నాకు ఇప్పటికీ తెలియదు. రాయి తగిలినా పగలదట. పగలదు నిజమే, ఎండకి పచ్చబడుతుంది, పాలమీగడ కట్టినట్టు మసకబారుతుంది. మా అమ్మాయి కొన్న పాత కారు దీపాలు అలాగే ఉండేవి. స్టేషను నుంచి కాఫీ తోటలకీ, గుహలకీ జనాన్ని తిప్పుతుంది తను. చలికాలం పొద్దున మంచులో ఆ దీపాలు వేస్తే ఎదురుగా పసుప్పచ్చ పొగ తప్ప రోడ్డు అంచు కనబడేది కాదు.

అప్పటికి సాలూరు వైపు నుంచి వచ్చిన ఒకతను అరకు పొలిమేరలో రేకుల షెడ్డు వేసుకుని, మసకబారిన దీపాలు బాగుచేసే పని మొదలుపెట్టాడు. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చినవాడు. నోరు పెద్దది. ఫోనులో పాట ఇంకా పెద్దది. మా అమ్మాయి కారు అక్కడికి తోలితే, నన్ను చూడగానే "ముసలాయనా, అటు జరుగు, ఎలుగు అడ్డొత్తన్నావు" అన్నాడు. మొదటి మాటకే నాకు నచ్చలేదు.

పని మాత్రం బాగా చేశాడు. అది అప్పుడే ఒప్పుకుని ఉంటే ఇంత రాసేపని ఉండేది కాదు. నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, మిషను పెట్టి పాలిషు చేసి, చివర ఏదో ద్రవం ఒక్క పొరగా పూశాడు. దీపం లోపలి గిన్నె చెలమనీళ్లలో రాయిలా కనబడింది.

"రేపు ఈ ఏళ దాకా సెయ్యి తగలకూడదు, నీళ్లు తగలకూడదు. పూత పచ్చిగుంటాది," అన్నాడు మా అమ్మాయితో. నావైపు తిరిగి, "నీకూ సెప్తన్నాను ముసలాయనా," అన్నాడు.

మా రోడ్డు మీద ఒక పద్ధతి ఉంది. ఏ బండికి రిపేరైనా, మళ్లీ జనాన్ని ఎక్కించుకునే ముందు మలుపులో అమ్మవారి దగ్గర ఆపి, ముందు దీపాలు రెండింటికీ పసుపు ముద్ద పూయించి, బొట్టు పెట్టించాలి. చర్చికి వెళ్లే డ్రైవర్లు పసుపు పూయించుకోరు, కానీ వాళ్లు కూడా అక్కడ బండి నెమ్మది చేసి హారను కొట్టి పోతారు. ఇంటికొచ్చాక ఆ మాటెత్తాను.

"రేపు ఎల్దాం నాన్నా. ఆరనీ. ఆయన సెప్పినాడు గదా," అంది మా అమ్మాయి.

"ఆడెవుడు మన అమ్మోరికి రోజు పెట్టడానికి?" అన్నాను.

"అమ్మోరు ఒక్కరోజు ఆగలేదేటి? నీకే ఆగదు," అని నవ్వుతూ సంతకి వెళ్లిపోయింది.

తాళం మేకుకి వేలాడుతోంది. నాకు భక్తి తక్కువ. అమ్మవారి మీద ప్రేమతో కాదు, ఆ షెడ్డువాడి మీద మంటతో బండి తీశాను. మలుపులో పూజారమ్మ రెండు గుప్పిళ్ల పసుపు కలిపి, పచ్చి పూత మీద చక్కగా మెత్తింది. నేనే దగ్గరుండి, "ఇటు కూడా ఎయ్యమ్మా" అన్నాను.

ఇంటికొచ్చి కడిగితే పసుపు పోలేదు. పూతలోకి దిగిపోయింది. దీపాలు రెండూ కామెర్ల కళ్లలా ఉన్నాయి. అప్పుడైనా చేయి తీసేసి ఉంటే సరిపోయేది. మా అమ్మాయి వచ్చేలోగా పోగొట్టాలన్న కంగారులో నా పాత విద్య గుర్తొచ్చింది. పొయ్యిలో బూడిద, తడి గడ్డి. పసుపు పోయింది. దానితో పాటు పూత కూడా పోయిందని, తడిగా ఉన్నంతసేపు తెలియలేదు. తడి మీద ఏదైనా మెరుస్తుంది. ఆరాక సన్నటి గీతలు కనబడ్డాయి. మా అమ్మాయి వచ్చేసరికి చీకటి పడింది. ఆమె చూడలేదు, నేను చెప్పలేదు.

కొన్ని వారాల ఎండకే దీపాలు మళ్లీ మసకబారాయి, మునుపటికంటే ఎక్కువగా. మా అమ్మాయి బండి తిన్నగా ఆ షెడ్డుకి తోలింది. నేను పక్క సీట్లో ఉన్నాను.

అతను వంగి, గోటితో దీపాన్ని గీసి చూశాడు. "ఇది ఎండకి పోనాది కాదక్కా. ఎవుళో తోమీసినారు. గీతలు సూడు."

"తోమడానికి ఇదేటి అన్నంగిన్నా? మా ఇంట్లో ఎవుళు తోముతారు?"

"నాకేటి తెలుసు. నా పూత ఇలాగ పోదు."

"పోనాది గదా! కంటి ముందరుంది గదా!"

అతను నావైపు వచ్చి కిటికీలోకి తొంగి చూశాడు. ఫోను పాట ఆపేశాడు. "ముసలాయనా, నువ్వు సెప్పు. ఏటైనా పెట్టి రుద్దినారా?"

"నాకేటి తెలుసు," అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నేను అతని మొహంలోకే చూశాను. తల దించుకోలేదు. అదే ఇప్పుడు నన్ను ఎక్కువగా పొడుస్తుంది.

మా అమ్మాయి జీపుల స్టాండుకి వచ్చి అందరితో చెప్పింది. చెప్పకేం చేస్తుంది? డ్రైవర్లకి ఆ ఒక్క మాట చాలింది. మైదానాల నుంచి వచ్చినవాళ్లని మేం కిందోళ్లు అంటాం. "కిందోడు గదా, మనల్ని ముంచడానికి కాపోతే కొండెందుకెక్కుతాడు?" అన్నాడొకడు. "నీళ్లు పూసి పూతన్నాడు," అన్నాడింకొకడు.

ఆ మాటలకి వేళ్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు. మా అమ్మ చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి నడిచేది. మైదానం నుంచి వచ్చిన షావుకారు తక్కెడ కింద బొటనవేలు పెట్టేవాడు. నేను చూశాను, మా అమ్మా చూసింది. చూసి కూడా బుట్ట ఇచ్చేసి, ఉప్పు తీసుకుని ఇంటికొచ్చేది. అడ్డాకులూ, తేనే, పిప్పళ్లూ అన్నీ అలాగే కొండ దిగాయి. ఆ కోపం అబద్ధం కాదు. ఇన్నేళ్లు దాచిపెట్టుకున్న ఆ నిజమైన కోపాన్ని, ఏ పాపం ఎరగని ఒక నోటిదురుసు మనిషి మీద ఖర్చుపెట్టనిచ్చాను. స్టాండులో వాళ్లు అతన్ని తిడుతుంటే నాకు కొంచెం హాయిగా కూడా ఉండింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

జీపులు ఆ షెడ్డు ముందు నుంచి పోవడమే గానీ ఆగడం మానేశాయి. ఆగొద్దని కార్లవాళ్లకీ డ్రైవర్లే చెప్పేవారు. సంతకి వెళ్తూ రోజూ చూసేవాణ్ని: అతను బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని రోడ్డు చూస్తుండేవాడు. పాట లేదు. నన్ను చూస్తే అదివరకటిలా కేక వేసేవాడు కాదు, ఒకసారి చూసి ఊరుకునేవాడు. రెండోవైపు నుంచి నడవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకి అలా తప్పించుకోవడమూ నా వల్ల కాలేదు.

మా అమ్మాయికి అన్నం తింటుండగా చెప్పాను. పసుపు సంగతీ, బూడిద సంగతీ. చేతిలో ముద్ద కంచంలో పడేసింది.

"నన్నెందుకు వాగనిచ్చినావు నాన్నా? అందర్లోనూ ఆ మనిషిని అన్నేసి మాటలన్నాను. నువ్వు పక్కనే కూకుని ఇన్నావు!"

లేచి చేయి కడుక్కున్నాను.

మర్నాడు తనే వెళ్లి అతనికి దణ్ణం పెట్టి చెప్పిందట. అతను మళ్లీ రుద్ది, మళ్లీ పూత వేశాడు. నేను స్టాండుకి వెళ్లి నలుగురి మధ్యా నిలబడి చెప్పాను. "తప్పు ఆడిది కాదు. పూత ఆరకముందే పసుపు ఎట్టించినాను. బూడిదెట్టి తోమినాను. నాను, నా సేత్తోనే."

వాళ్లు నవ్వారు. "అమ్మోరి పసుపెడితే దీపం పాడౌతాదేటి తాతా? మా జీపులకి ఎన్నేళ్ల నుంచో ఎట్టిస్తన్నాం గదా?"

"మీవి గాజువిరా!"

"సాల్లే తాతా. నువ్వు మంచోడివి. ఆడి పొట్ట కొట్టకూడదని నీ నెత్తినేసుకుంతన్నావు," అని ఒకడు నా భుజం తట్టాడు. ఇంకొకడు టీ తెచ్చిచ్చాడు. నిజం చెప్పినందుకు నన్ను ధర్మాత్ముణ్ని చేసి కూర్చోబెట్టారు. కోపంతో గ్లాసు విసిరికొట్టాలనిపించింది. తాగాను.

ఇక నోటితో లాభం లేదని తెలిసింది. దీపాలే చెప్పాలి. ఆ ఏడాది ఎండా, వానా, మంచూ దాటుకుని అవి తేటగా నిలబడితే, పని మంచిదని వాళ్లకే కనబడుతుందనుకున్నాను. అప్పటి నుంచే ఈ నీళ్లు, ఈ మైనం, ఈ ముసుగులు. అతను మా అమ్మాయికి చెప్పిన ప్రతి మాటనీ ఆమెతో మళ్లీ మళ్లీ చెప్పించుకుని నేర్చుకున్నాను. సొంత తెలివి ఒక్కటీ కలపలేదు. మలుపులో పూజారమ్మ పసుపు పట్టుకొస్తే, "బోనెట్టు మీద ఎట్టమ్మా" అంటాను. ఆమెకీ కోపమే.

దీపాలు నిలిచాయి. కానీ అవి నిలిచేలోగా అతను నిలవలేదు. ఒకరోజు చూస్తే రేకులు లేవు, నాలుగు గుంతలు మిగిలాయి. పాచిపెంట దాటాక సాలూరు రోడ్డు మీద పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

మొన్న చలికాలం స్టాండులో కొత్తగా ఒక పాత కారు కొన్న డ్రైవరొకడు మా దీపాలు చూసి, "తాతా, నీ సేతిలో ఏటో ఉంది. నాయి కూడా నువ్వే సూడు," అన్నాడు. పక్కవాళ్లు ఔనన్నారు. "కిందోడు పాడుసేసినవి తాత బాగుసేసినాడు," అన్నారు నా ముందే.

అరిచాను. నా వయసుకి తగని మాటలు కూడా అన్నాను. చివరికి ఆ డ్రైవర్ని అతని కారే ఎక్కించి, నేనూ పక్కన కూర్చుని, పాచిపెంట దారి పట్టించాను. దారంతా అతను సణుగుతూనే ఉన్నాడు.

షెడ్డువాడు నన్ను చూసి గుర్తుపట్టాడు. కారు దీపాలు చూసి కాగితం తడిపాడు. పని అయ్యాక డ్రైవరు తాళం తీసుకున్నాడు.

"బేగి ఎల్దాం తాతా, మంచు దిగిపోతాది."

"రేపు ఎల్దాం."

"ఏటి, ఇక్కడ తొంగుంతావేటి?"

"తొంగుంతాను," అని కారు ముందు నేల మీద చతికిలబడ్డాను. డ్రైవరు తలకొట్టుకుని టీ బడ్డీ వైపు నడిచాడు. షెడ్డువాడు గుడ్డకి చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏమంటాడోనని చూశాను. తిట్టాలనే కోరుకున్నాను.

"ఊరికే కూకోడానికొచ్చినావా?" అన్నాడు. "ఈసారొచ్చినప్పుడు నాలుగు బళ్లు ఎంటెట్టుకుని రా."

"తెత్తాను," అన్నాను. అతను లోపలికి వెళ్లిపోయాడు. స్టాండులో ఆ నాలుగు బళ్లవాళ్లని ఎవరెవరిని తిట్టి తేవాలో ఆలోచిస్తూ, దుమ్ము లేపే ప్రతి లారీకీ చెయ్యి అడ్డంపెడుతూ, ఆ పూత ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.