వీపు వెనక హ్యామర్

నా స్నేహితురాలు హ్యామర్ విసరడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. చెబితే ఎవరూ నమ్మరు. మూడేళ్ళపాటు ఇంచుమించు రోజూ పొద్దున ఆమె విసురుతుంటే నేను అక్కడే ఉన్నాను మరి. ఉండి, ఆమె వైపు వీపు పెట్టి నిలబడ్డాను. అదే నా పని.

అప్పుడు మేమిద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉండేవాళ్ళం. నలుగురికి ఒక గది. నేను పోచంపల్లి దగ్గరి పల్లె నుంచి గ్రూప్స్ కోచింగ్‌కని వచ్చాను. ఆమె నల్గొండ వైపు నుంచి డిగ్రీ చదువుకని వచ్చింది, చదువు కంటే పెద్ద బరువును సంచిలో వేసుకొని. హ్యామర్ అంటే మేకులు కొట్టే సుత్తి అనుకునేరు. నాలుగు కిలోల ఇనుప గుండు, దానికో ఉక్కు తీగ, తీగ చివర పట్టుకోవడానికి పిడి. ఒక గుండ్రంలో నిలబడి గిరగిరా తిరిగి వదిలేయాలి. ఎంత దూరం పడితే అంత గొప్ప. హాస్టల్ ఆంటీ మంచం కింద ఆ గుండును చూసి, "గిదేందమ్మా, మా గచ్చు పలగ్గొడ్తవా?" అని దాన్ని మెట్ల కిందికి మార్పించింది.

ఈ ఆటతో వచ్చిన చిక్కేమిటంటే, ఆడేవాళ్ళ దగ్గర ఎవరూ ఉండకూడదు. దగ్గర్లో ఉన్న గ్రౌండ్ నుంచి క్రికెట్ వాళ్ళూ వాకింగ్ వాళ్ళూ కలిసి ఆమెను తరిమేశారు. వాళ్ళను అనడానికీ లేదు, ఆ గుండు తగిలితే మనిషి దక్కడు. చివరికి తుర్కయంజాల్ అవతల అమ్ముడుపోని ప్లాట్ల వెంచర్ ఒకటి దొరికింది. ఆఫీసు కడదామని పోసి వదిలేసిన సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో గుండ్రం గీసుకుంది. ప్లాట్ల పక్క నుంచి మట్టిబాట. ఆ బాట మీద పాలబండ్లు, బర్రెలు, కాలేజీకి పోయే బైకులు. ఎవరో ఒకరు బాట మలుపులో నిలబడి వచ్చేవాళ్ళను ఆపాలి. పైగా వెలుగు రాకముందు ఆడపిల్ల ఒక్కతే బయటికి పోతానంటే ఆంటీ ఒప్పుకోదు. గదిలో మిగతా ఇద్దరూ దుప్పటి ముసుగు తీయలేదు.

"నువ్వు రావే. ఊకె నిలబడుడే గద," అంది నాతో.

ఊరికే నిలబడటం కాదని మొదటి పొద్దునే తెలిసింది. బాట వైపు చూస్తే ఆమె కనబడదు. ఆమె వైపు తిరిగితే ఏ బైకువాడో వచ్చేస్తాడు. ఒకసారి ఉండబట్టలేక తల తిప్పబోతే, "నా దిక్కెందుకు చూస్తవే, తొవ్వ దిక్కు చూడు," అని కసిరింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫీజు కట్టి చదువుకోవడానికి వచ్చి ఇక్కడ బర్రెలు కాస్తున్నానా అనుకున్నాను. రేపటి నుంచి రానని చెప్పేశాను. మర్నాడు ఆమె కంటే ముందే లేచి బూట్లు వేసుకున్నాను.

ఎందుకు వెళ్ళానో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. హాస్టల్లో నలుగురి మధ్య నేను రోజంతా నోరు విప్పేదాన్ని కాదు. చదివింది బుర్రకెక్కేది కాదు, ఆ సంగతి ఎవరికీ చెప్పుకునేదాన్ని కాదు. ఆ బాట మలుపులో మాత్రం నేను లేకపోతే జరగని పని ఒకటి జరిగేది. అలాంటి పని నాకు ముందూ లేదు, తర్వాతా రాలేదు.

చూడటానికి లేదు కాబట్టి చెవులు పెట్టాను. మొదట తీగ గాలిని కోస్తున్న చప్పుడు. తర్వాత గచ్చు మీద బూట్లు రాసుకునే చప్పుడు, చుట్టు చుట్టుకూ తొందర పెరుగుతూ. వదిలేటప్పుడు ఒక అరుపు. ఆ అరుపు సన్నగా మొదలై చివర బొంగురుపోయేది. ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ కాసేపూ నా వీపంతా బిగుసుకునేది. అప్పుడు ఎక్కడో మట్టిలో దబ్బుమనేది, నేను ఊపిరి వదిలేదాన్ని. ఉన్నది ఒకటే గుండు. విసిరిన ప్రతిసారీ ఆమే నడిచి వెళ్ళి తెచ్చుకోవాలి. ఆ నడకలోనే మా కబుర్లన్నీ, అవీ గొంతు చించుకొని.

"ఇయ్యాల టిఫిన్ల ఏముందంటవే?"

"ఉప్మనే. ఏముంటది?"

"గా ఉప్మ మీదికి విసరాలె దీన్ని."

నేను పరీక్షలు తప్పుతూ పోయాను, ఆమె విసురుతూ పోయింది. ఆమెకు ఆటల కోటాలో ఉద్యోగం వచ్చింది, వేరే రాష్ట్రంలో శిక్షణ శిబిరానికి రమ్మన్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కించాను. కిటికీలోంచి, "ఇగ నీకు పొద్దున నిద్ర దొరుకుతది తియ్," అని నవ్వింది. నిద్ర దొరకలేదు. అదే వేళకు మెలకువ వచ్చేది, లేచి కూర్చుంటే చేయడానికి ఏమీ ఉండేది కాదు.

తర్వాత నేను చదువు వదిలేసి కొత్తపేటలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో రిసెప్షన్‌లో చేరాను. ఇప్పటికీ అక్కడే. దగ్గర్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. పొద్దంతా జనంతో మాట్లాడతాను: పరగడుపునే వచ్చారా, రిపోర్టు సాయంత్రం, లోపలికెళ్ళి కుడివైపు. గదికొచ్చాక తలుపు గడియ చప్పుడే ఆ రోజుకు చివరి మాట. ఆమె ఫోన్లు మొదట వారానికి వచ్చేవి, తర్వాత పండగలకు. గొడవేం లేదు. గొడవైనా ఉంటే బాగుండేది, రాజీ పడటానికి ఏదో ఒకటి ఉండేది.

అలాంటిది ఒకరోజు మెసేజ్ వచ్చింది. ప్రపంచ స్థాయి పోటీలకు ఎంపికైందట. మన దేశం నుంచి హ్యామర్‌లో ఆమె ఒక్కతే. "ఫోన్ల లైవ్ ఒస్తదంట. గీసారన్న నా దిక్కు చూడు," అని రాసింది. నేను కౌంటర్ వెనక కూర్చొని దాన్ని చదివి ఏడ్చాను. రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒకామె, "సూది నాకు గదమ్మా, నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అంది.

పోటీ రోజుకు సెలవడిగితే జ్వరాల సీజన్ అన్నారు. సరేనని ఫోన్‌ను దూది డబ్బాకు ఆనించి కౌంటర్ మీదే పెట్టుకున్నాను. మన దగ్గర మధ్యాహ్నం, అక్కడ పొద్దుటి పూట. ఆ రోజు క్వాలిఫయింగ్. ఒక్కొక్కరికి మూడు త్రోలు. బాగా విసిరినవాళ్ళు ఫైనల్‌కు వెళతారు, మిగతావాళ్ళు ఇంటికి.

మొదట అందరినీ వరసగా చూపించారు. ఆమె ముఖం కనబడింది. చెంపలు పీక్కుపోయాయి, ఎడమచేతికి తోలు గ్లవ్ ఉంది. కెమెరా తన ముందుకు రాగానే చెయ్యెత్తబోయి, ఎందుకో మానేసి జుట్టు సర్దుకుంది. అంతలోనే పక్కామె వచ్చేసింది. ఇంకేముంది, ఇక చూస్తాననుకున్నాను.

చూపించలేదు. స్టేడియంలో ఒకవైపు హ్యామర్, ఇంకోవైపు పరుగు పందాలు. కెమెరాకు పరుగులే కావాలి. పరుగు అయ్యాక గెలిచినామెను మళ్ళీ మెల్లగా చూపిస్తారు, తర్వాత ఆమె దేశంవాళ్ళు జెండా ఊపడం చూపిస్తారు. మధ్యలో ఎప్పుడో హ్యామర్ అంటూ ఒక ప్రసిద్ధురాలిని చూపించి మళ్ళీ పరుగులకు పోతారు. ఆమె మొదటి త్రో అయిపోయిందని నాకు కౌంటర్ కంప్యూటర్లో తెరిచి పెట్టుకున్న రిజల్ట్స్ పేజీలో పేరు పక్కన పడిన ఇంటూ గుర్తు చెప్పింది. చెల్లలేదన్నమాట. రెండోదానికి అంకె పడింది, పట్టికలో బాగా కిందికి. ఇక మూడోదే మిగిలింది.

కుర్చీలో షుగర్ టెస్టు కోసం కూర్చున్న ఒక పెద్దాయన, గుంటూరు వైపు మనిషి, నా ఆత్రం చూసి దగ్గరికొచ్చారు.

"ఏంటమ్మా, మ్యాచా? స్కోరెంతయ్యింది?"

"మ్యాచ్ కాదండీ, హ్యామర్ త్రో. మా ఫ్రెండు ఉంది."

ఆయన కళ్ళజోడు సర్దుకొని ఫోన్‌లోకి వంగారు. "మరి వీళ్ళంతా పరిగెత్తడానికి నిలబడ్డారేంటి?"

"అదే నా బాధండీ."

తెరమీద రన్నర్లు గీత దగ్గర వంగారు. స్టేడియమంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో దూరంగా ఒక అరుపు వినబడింది, సన్నగా మొదలై చివర బొంగురుపోయింది. నా వీపు బిగుసుకుంది. "అది మా ఫ్రెండేనండీ," అన్నాను. ఆయన తెరంతా వెతికి, "ఏదమ్మా, ఎన్నో లైను?" అని అడిగారు. అంతలో తుపాకీ పేలింది, రన్నర్లు పరిగెత్తారు. కాసేపటికి పేజీలో ఆమె మూడో త్రో పక్కన కూడా ఇంటూ పడింది. పెద్దాయనను రక్తం తీయడానికి లోపలికి పిలిచారు. వెళుతూ నా వైపు చూసి, "పోనీలేమ్మా," అన్నారు. ఆయనకేం అర్థమైందో నాకు తెలియదు కానీ ఆ మాటకు ఆయన మీద ప్రేమ కలిగింది.

సాయంత్రం డ్యూటీ దిగి రైతుబజార్లో బీరకాయలు ఏరుతుంటే ఆమె ఫోన్ చేసింది. జనం గోలలో వినబడక, బయటికొచ్చి మెట్రో పిల్లర్ పక్కన నిలబడ్డాను.

"చూసినవా?" అంది పలకరింపు లేకుండా.

"పెట్టుకొనే కూసున్ననే."

"మూడోది చెప్పు. నా కాలు తగిలిందా?"

నాకు అర్థం కాలేదు. ఆమె గబగబా చెప్పుకొచ్చింది. గుండ్రం చుట్టూ ఇనుప అంచు ఉంటుంది. విసిరే ఊపులో కాలు దాని పైన తగిలితే ఎర్రజెండా ఎత్తుతారు, ఆ త్రోను కొలవను కూడా కొలవరు.

"నాకైతె తగిలినట్టు లేదే. అప్పుడే అడ్డం తిరిగి అడగాల్నంట. నాకు నోరు రాలె. కోచ్ సార్‌నడిగితె గుండ్రం చుట్టు కట్టిన నెట్టు అడ్డమొచ్చి కనపడలేదంటుండు. టీవీల దగ్గర్నించి చూపిస్తరు గద. నువ్వు చెప్పు, తగిలిందా?"

ఆమె మొత్తం నా మాట మీద ఆనుకొని ఉంది. తగల్లేదని చెబితే బతుకంతా అన్యాయం జరిగిందని కుమిలిపోతుంది. తగిలిందని చెబితే బతుకంతా తన కాలును తనే తిట్టుకుంటుంది. రెంటిలో ఏది చెప్పినా నమ్మేది, అడిగింది నన్ను కాబట్టి. నా నోట అబద్ధం రాలేదు.

"చూపియ్యలేదే. అప్పుడు పరుగు చూపెట్టిన్రు."

"మూడోదా?"

"మూడింటికి మూడు చూపియ్యలె."

అటువైపు మైకులో ఎవరో అర్థంకాని భాషలో ఏదో ప్రకటిస్తున్నారు.

"నీ అరుపు విన్ననే," అన్నాను. "మస్తుగ విసిరినవనిపించింది."

"అరుపుతోని ఏం చేస్కోను?" అని గయ్యిమంది. తర్వాత గొంతు దిగింది. "గంత దూరం నేనెన్నడు ఎయ్యలేదే. కొలవకుంటెనే, గుండ్లు ఎనకకు తెచ్చేటి గా చిన్న రిమోట్ బొమ్మకారొచ్చి నా గుండును తీస్కపోయింది. మనోళ్ళు ఒక్కలన్న చూస్తరనుకున్న." మళ్ళీ తనే, "సరె తియ్, పైసలైతయ్ నీకు. పెడ్తున్న," అంది. ఇంటర్నెట్ కాల్‌కు పైసలు కావని ఇద్దరికీ తెలుసు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు పిల్లర్ పక్కనే నిలబడ్డాను. పరుగులు చూపించినవాళ్ళ మీద కోపం వచ్చింది, ఎర్రజెండా ఎత్తినవాళ్ళ మీద వచ్చింది, నా మీద మరీ వచ్చింది. జీవితంలో ఆమె అన్నిటికంటే బాగా విసిరిన ఆ ఒక్కటీ ఎంత దూరం పోయిందో ఎక్కడా రాసిలేదు. అవునా కాదా అని అడగడానికి ఆమెకు లోకంలో నేనొక్కదాన్నే ఉన్నాను, నేనేమో చూడలేదు.