ముడి వేసే చేతులు

చింతామణిలో ఇటలీ కుట్టు నేర్పే గదికి అందరికంటే ముందొచ్చేది గంగులమ్మ. చేతులు పొడిగా ఉన్నా సరే, చీరకొంగుకు తుడుచుకునే కూర్చుంటుంది. పట్టుదారం తీసే రీలింగ్ షెడ్డులో ఏళ్లతరబడి పనిచేసి, పట్టుగూళ్లు ఉడికే నీళ్లలో నానీ నానీ వేళ్లు ముడతలు పడిపోయాయి. షెడ్డు మూతపడ్డాక ఆమెకు మిగిలిన దారి ఈ కుట్టొక్కటే. నారబట్టలో కొన్ని పోగులు కత్తిరించి లాగేసి, మిగిలినవాటిని కట్టలుగా కుడితే జాలీ కిటికీలోంచి వచ్చినట్టు వెలుతురు కనిపించాలి. గంగులమ్మ కత్తెర పెడుతుంది, పోగు తెగుతుంది, మరుక్షణమే ఆమె వేళ్లు ఆ కొసలు వెతికి ముడి వేసేస్తాయి. షెడ్డులో తెగిన పోగు వదిలేస్తే తిట్లు పడేవి మరి.

ఒకరోజు, కుట్టు నేర్పే మైత్రేయి ఆమె బట్టను కిటికీ దగ్గర ఎత్తి చూసింది. వెలుతురు రావలసిన చోటంతా ముడులే.

"తీసేయాల్సిన పోగులు మళ్లీ కట్టేసినావు గదమ్మా!"

"కావాలని కట్టలేదు మేడమ్. చేతులు మాట ఇంటాలేదు."

"ఇంక కష్టమమ్మా. రేపట్నించి రావొద్దులే," అంది మైత్రేయి మెల్లగా.

గంగులమ్మ తలూపింది. అందరూ లాగి పారేసిన పోగులు నేలమీద ఉన్నాయి. వాటిని ఏరి, ఒకదానికొకటి ముడేసి, ఉండ చుట్టింది. కాసేపు అరచేతిలో పట్టుకుని, వెళ్తూ వెళ్తూ తానే దాన్ని చెత్తబుట్టలో వేసింది.