హేజెల్ సైకాలజీ

ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీలో కాలేజీకి వెళ్లే పదిహేడేళ్ల హేజెల్ స్వెటర్ అంచు కొరుకుతూ, కనిపించిన ప్రతివాళ్లకూ సైకాలజీ పాఠంలోని పేరొకటి తగిలిస్తుంటుంది. తల్లి బయటికెళ్లి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందో చూసి వాళ్ల బంధం ఎంత గట్టిదో చెప్పొచ్చని మొన్ననే చదివింది. ఆ సాయంత్రం చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అమ్మ గుమ్మంలోనే చేతులు చాచింది. ఏడాదిన్నర చెల్లి మేబుల్ అటు చూసి, హేజెల్ కాళ్ల వెనక దాక్కుంది.

"దీన్నేమంటారే మీ పుస్తకంలో?" అని అమ్మ నవ్వబోయింది.

పుస్తకంలోని జవాబు హేజెల్‌కు తెలుసు, కానీ పైకి వేరేది చెప్పింది. "నీ దగ్గర చేపల వాసనమ్మా. స్నానం చేసిరా, అదే వస్తుంది."

అమ్మ గబగబా స్నానాల గదిలోకి వెళ్లింది. నీళ్ల చప్పుడు వింటూ, కాళ్లను కరుచుకున్న పిల్లను ఎత్తుకోవాలో విడిపించాలో తోచక హేజెల్ అక్కడే నిలబడిపోయింది.