కాటా మేస్త్రి వేసిన లెక్క

రేవు పక్కన పడవ మోటార్లు అమ్మి, బాగుచేసే మేస్త్రిని అందరూ కాటా మేస్త్రి అనేవారు. ఎదురుగా మాత్రం ఉత్త మేస్త్రీయే. మోటారు కోసం ఎవరొచ్చినా, వచ్చినవాళ్లు నోరు విప్పకముందే మూలనున్న కాటా చూపించి, "ముందు అదెక్కండి" అనేవాడు. వెంట పెళ్లాన్ని తెచ్చుకుంటే ఆవిడనూ ఎక్కమనేవాడు. ఒకావిడ చెప్పులు విప్పి, చేతిసంచీ దించి, ఊపిరి బిగబట్టి మరీ ఎక్కింది. ఈయన నవ్వకుండా ముల్లు చూసి, చెప్పులూ సంచీ కలిపి రాసుకున్నాడు.

"మనుషులు వయసు దగ్గరా బరువు దగ్గరా నిజం చెప్పరండీ. ఆ అబద్ధం మీద మోటారు బిగిస్తే నడి నీళ్లలో పోయేది నా పరువు" అనేవాడు.

అదొక జబ్బు, కాదనలేం. కానీ ఆ జబ్బులో న్యాయం ఉంది. గాలి నింపే చిన్న రబ్బరు పడవకు మోటారు చిన్నదైతే ఎదురు ప్రవాహంలో గింజుకుంటూ ఉన్నచోటే ఉంటుంది. పెద్దదైతే వెనక కుంగి, ముక్కు ఆకాశం చూస్తుంది. ఒక షోకిలా రాయుడు బుల్లి పడవకు పదిహేను హార్స్‌పవర్ కావాలని పట్టుబడితే, "బాబూ, మీరు కొన్నది పడవా విమానమా?" అని ఉత్త చేతులతో పంపేశాడు. ముప్పై ఏళ్లలో ఆయన బిగించిన మోటారు ఎవర్నీ నడి నీళ్లలో వదిలేయలేదు. ఆ సంగతి ఆయన రోజుకు రెండుసార్లయినా చెప్పేవాడు, వినేవాళ్లకు ఓపికున్నా లేకపోయినా.

కొట్టు ముందు భాగంలో ఆయన భార్య పెద్ద మిషను మీద పడవల ముసుగులు కుట్టేది. నిండైన మనిషి. అప్పుడప్పుడు తనే కాటా ఎక్కి, "అరవై ఎనిమిది! నిరుడూ ఇంతే. మాట మీద నిలబడే మనిషినండీ నేను" అని మొగుణ్ణి ఆటపట్టించేది.

అలాంటి మనిషికి కడుపులో క్యాన్సర్ వచ్చింది. రెండు మూడు నెలలకు మించి కష్టమని డాక్టరు మేస్త్రితో చెప్పాడు. మేస్త్రి ఆవిడతో చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడకు తెలిసిపోయింది. ఆవిడ కోరింది ఒక్కటే, ఏటి పాయ అవతలి ఒడ్డున ఉన్న అక్కను ఒకసారి చూడాలని. ఆ అక్క జారిపడి తుంటి విరిగి, మూడో అంతస్తులో వాకరు పట్టుకుని గదిలోంచి గదిలోకి నడవడమే గగనంగా ఉంది. ఈవిడేమో కారు కుదుపుకు ఆసుపత్రి దాకా వెళ్లడానికే విలవిల్లాడుతోంది, ఇక రోడ్డున చుట్టూ తిరిగి సగం రోజు ప్రయాణం ఎక్కడ చేస్తుంది? లాంచీలో పోదామంటే ఇనప నిచ్చెన ఎక్కాలి.

"మన రబ్బరు పడవ ఉందిగా. మెత్తగా ఉంటుంది. ఓ పరుపు పరిస్తే పడుకుని పోతాను. అక్కడ రేవు కూలీలు కుర్చీతో సహా పైకి మోస్తారు" అంది.

మేస్త్రి ఆ సాయంత్రమే కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాడు. పడవ బరువు, పరుపు బరువు, తన బరువు అరవై రెండు వేశాడు. ఆవిడ పేరు కింద అరవై ఎనిమిది వేశాడు. వారం కిందటే ఆసుపత్రిలో ఆవిణ్ణి తూచి నలభై ఒకటి అని చీటీ మీద రాశారు. ఆ చీటీ ఆయన చొక్కా జేబులోనే ఉంది. మంచం మీంచి కుర్చీలోకి ఆవిణ్ణి రోజూ ఎత్తి దించుతున్నది ఆయన చేతులే. ప్రపంచంలో ఎవరి మాటా నమ్మకుండా కాటా ఎక్కించిన మనిషి, సొంత పెళ్లాం దగ్గర పాత బరువే వేసి కూర్చున్నాడు. ఆ లెక్క ప్రకారం కొట్లో ఉన్న నాలుగు హార్స్‌పవర్ మోటారు పాయలో ఎదురు ప్రవాహాన్ని తట్టుకోదు. ఆరు కావాలి. తెప్పించమని ఆర్డరు పెట్టాడు.

వారంలో వస్తుందన్న మోటారు రెండు వారాలైనా రాలేదు. రోజూ ఫోన్ చేసి అరిచేవాడు. ఒకనాడు పొద్దున్నే ఆవిడ తల దువ్వించుకుని, దిళ్లకు ఆనుకుని కూర్చుంది.

"ఇవాళ గాలి లేదు. ఒంట్లో కాస్త బాగుంది. ఆ చిన్న మోటారుతోనే పోదామండీ."

"నడి పాయలో ఆగిపోతేనో?"

"ఆగితే ఆగుదాం. అక్కణ్ణుంచి అక్క కిటికీ కనపడుతుందిగా."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఇద్దరి బరువుకి అది చాలదు. ఇంకో రెండు రోజులు ఓపిక పట్టు, ఆరు వచ్చేస్తుంది."

ఆవిడ దుప్పటి కింద తన కాళ్ల వైపు ఒకసారి చూసుకుంది. వాదించలేదు. ఆ మర్నాటి నుంచి లేచి కూర్చోలేకపోయింది. తొమ్మిదో రోజున పోయింది. మోటారు ఆ తర్వాత నాలుగు రోజులకు వచ్చింది.

అట్టపెట్టె అలాగే గోడకు ఆనించి ఉంది. విప్పడానికి ఆయనకు మనసు రాలేదు. నెల తిరిగాక, కుట్టుమిషను అక్కకు ఇవ్వమని భార్య చెప్పిన మాట తీర్చడానికి ఆయన పడవలో గాలి నింపి, ఆ నాలుగు హార్స్‌పవర్ మోటారే బిగించాడు. చేతికి అలవాటైన పని కనుక మిషనునూ కాటా మీద పెట్టాడు. నలభై ఆరు. ఆవిడ కంటే ఐదు కిలోలు ఎక్కువ.

ఆ రోజు గాలి కూడా ఉంది. నడి పాయలో ప్రవాహం ఎదురు తగిలినప్పుడు ఆయన మోటారు పిడి గట్టిగా పట్టుకుని, ఆగిపో, ఒక్కసారి ఆగిపో అని లోపల బతిమాలుకున్నాడు. మోటారు ఆగలేదు. కాస్త గొంతు పెంచి, పడవను తిన్నగా అవతలి ఒడ్డుకు చేర్చింది.

రేవులో కూలీ మిషనును మోసుకొచ్చి వదినగారి గదిలో దించి వెళ్లాడు. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో ఉంది.

"కిటికీలోంచి చూశాను మరిదిగారూ. చిన్న పడవ. ఎంతసేపు పట్టింది?"

"ఇరవై నిమిషాలు."

"కొత్త మోటారా?"

"కాదు వదినా. పాతదే. నాలుగుది."

వదినగారు మిషను మీద చెయ్యి వేసింది.

"ఆవేళ నాకు ఫోన్ చేసింది. తల దువ్వించుకున్నాను, వస్తామేమో చూస్తూ ఉండు అంది. చీకటి పడేదాకా ఈ కుర్చీలోనే కూర్చున్నాను."

మేస్త్రి జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"తప్పు లెక్క వేశాను వదినా. దాని పేరు కింద అరవై ఎనిమిది రాశాను. నలభై ఒకటని తెలుసు. రాయడానికి చెయ్యి రాలేదు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ అంకెను చూసింది. కోపం లేకుండానే అడిగింది.

"రాయకపోతే మాత్రం, అది తగ్గకుండా ఉందా మరిదిగారూ?"

మేస్త్రి అక్కడే, నేల మీద కూలబడి, చెల్లెలు పోయిన ఆ మనిషి ముందు బావురుమన్నాడు.