వేలికో గణం

పద్యం నాకు బుర్రలో పుట్టదు. కుడి బొటనవేలి కొసన పుడుతుంది. బుర్రకి ఆ కబురు తర్వాత అందుతుంది. ఆటవెలదికి పాదానికి అయిదు గణాలు. గణమంటే రెండు నుంచి నాలుగక్షరాల కట్ట. ఆ కట్టల్ని బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపుల మీద తట్టుకుంటూ ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను. కారు డ్రైవ్ చేస్తూ తట్టాను, మీటింగుల్లో తట్టాను, ఒక పెళ్ళిలో తాళి కట్టే వేళ అక్షింతలు పట్టుకుని మరీ తట్టాను. నేను జపం చేస్తాననుకుని మా మేనేజర్ ప్రతి సాఫ్ట్‌వేర్ రిలీజ్ ముందూ నా చెయ్యి కేసి ఆశగా చూస్తాడు.

మొన్న వేసవిలో ఆ వేలు సమ్మె చేసింది. టీ కప్పు ఎత్తబోయి అమెరికాలోని మా షాంటిలీ ఊరంతా వినపడేలా అరిచాను. ఫిజికల్ థెరపిస్ట్ అమ్మాయి వేలు అటూ ఇటూ వంచి, "వీడియో గేమ్సా?" అంది.

"కాదు, పోయెట్రీ."

తల ఊపి కంప్యూటర్‌లో 'టెక్స్టింగ్' అని కొట్టుకుంది. ఆరు వారాలు కదపొద్దని వేలికి స్ప్లింట్ అనే గట్టి బద్ద బిగించింది. దాని మీద వంతెన నిలబెట్టొచ్చు.

అంతటితో పోతే బాగుండేది. కానీ ఆ శనివారమే మా పాతికో పెళ్ళిరోజు. పెళ్ళిచూపుల్లో "నీ మీద పద్యం రాస్తాను" అన్నాను. ఇరవై నాలుగు పెళ్ళిరోజులకీ ఇరవై నాలుగు సాకులు చెప్పాను. ఈసారి మా ఆవిడ నలభై మందిని పిలిచి, "మా ఆయన పద్యం చదువుతారు" అని ముందే చాటేసింది.

"చదవకపోతే?"

"నా పక్కన నిలబడక్కర్లేదు. కేక్ నేనొక్కదాన్నే కోసుకుంటా."

ఎడమచెయ్యి వాడి చూశాను. దానికి ఛందస్సు రాదు. కాలివేళ్ళు వాడి చూశాను, తిమ్మిరెక్కాయి. గురువారం సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా ఆవిడ నా మొహం చూసి, చేతి తడి తుడుచుకుని, ఆ చెయ్యి నా ముందు పెట్టింది.

"ఇందండి, దీని మీద తట్టుకోండి. త్వరగా కానివ్వండి, కూర పొయ్యెక్కాలి."

ఎడమ చూపుడువేలితో ఆవిడ వేళ్ళ మీద, వేలికో గణం చొప్పున తట్టాను. "పాతికేళ్ల పాటు పప్పు చారు..."

"ఇదా నా మీద పద్యం!"

"రెండో పాదం. లెక్క సరిపోయింది."

"ఉప్పు కూడా సరిపోయిందేమో కనుక్కోండి."

ఇంకాసేపటికి మూడో పాదం అయిందన్నాను.

"అవలేదు. చిటికెనవేలు ముట్టుకోలేదు మీరు."

చూసుకుంటే నిజమే, ఒక గణం తక్కువ. ఛందస్సులో ఓనమాలు రాని మనిషి, నా ముప్పై ఏళ్ళ పాండిత్యాన్ని చిటికెనవేలితో పట్టేసింది.

శనివారం నలభై మంది, నలభై ఫోన్లు. కాగితం చూసి చదవడం మా వంశంలోనే లేదు కనుక చూడకుండా మొదలుపెట్టాను. మూడు పాదాలు వచ్చాయి. నాలుగోది రాలేదు. గొంతు సవరించుకున్నాను, నీళ్ళు తాగాను, పైకప్పు కేసి చూశాను. మా ఆవిడ కేక్ కత్తి పక్కన పెట్టి చెయ్యి చాపింది. ఆవిడ బొటనవేలి నుంచి తట్టుకుంటూ వెళ్ళాను. వేలికొక్క ముక్క చొప్పున వచ్చేసింది. ఆడవాళ్ళందరూ "ఎంత రొమాంటిక్!" అని కళ్ళొత్తుకున్నారు. నేను గణాలు లెక్కపెడుతున్నానని మా ఇద్దరికే తెలుసు. కేక్ ఇద్దరం కోశాం.

స్ప్లింట్ తీసేసి నెలయింది. వేలు పూర్తిగా బాగుపడిందని థెరపిస్ట్ అంది. ఇంట్లో మాత్రం ఇంకా నొప్పేనని చెబుతున్నాను.

"మరి టీ కప్పు ఆ చేత్తోనే ఎత్తారేం?" అంది మా ఆవిడ, తన చెయ్యి టేబుల్ మీద పెడుతూ.