వెనక్కి మాత్రమే నడిచిన వ్యాన్

మెర్విన్ ఆల్డ్రిచ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు మా ఊరి స్కూలు బస్సులు బాగుచేశాడు. ఒహాయోలో మాలాంటి చిన్న ఊళ్ళో అదేమంత గొప్ప ఉద్యోగం కాదు. కానీ అతను సంతకం పెడితేనే బస్సు షెడ్డు దాటేది. ఒక శీతాకాలం బ్రేకుల మీద అనుమానం వచ్చి మూడు బస్సులు ఆపేశాడు. పైఅధికారి వచ్చి ఎన్ని చిందులు తొక్కినా సంతకం పెట్టలేదు. అప్పుడు ఊరంతా మెచ్చుకుంది. అదే ఊరు ఈ మార్చిలో అతనికి చేసింది తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఊళ్ళో నేనూ ఉన్నాను, అదీ ముందు వరసలో.

మావి పక్కపక్క ఇళ్ళు. అతని భార్య ఆర్డిత్‌కు పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. చక్రాల కుర్చీతో సహా ఆమెను ఎక్కించుకునే లిఫ్టు ఉన్న పాత వ్యాన్ ఒకటి సంపాదించి, మెర్విన్ ఆమెను ఆదివారం చర్చికి, గురువారం బింగో ఆటకి తిప్పేవాడు. నవంబరులో దాని గేర్‌బాక్స్ పాడైంది. ఒక్క రివర్స్ తప్ప ఏ గేరూ పడదు. అలాంటి గేర్‌బాక్స్ ఎక్కడో పాత సామాన్ల యార్డులో దొరికితే తానే బిగిస్తానని వెతుకుతున్నాడు. వ్యాన్ ఇంటి ముందు ఆగిపోయిన రోజు నుంచి ఆర్డిత్ గడప దాటలేదు.

ఇక నా నిర్వాకం. మలుపులో ఉన్న ఇంటివాడు టైర్లలో గాలి లేని జీపు ఒకటి ఏళ్ళ తరబడి పెరట్లో పడేశాడు. బానెట్‌లోంచి పిచ్చిమొక్కలు మొలిచాయి. వరండాలో కాఫీ తాగుతుంటే అదే కంట్లో గుచ్చుకునేది. ఊరి ఆఫీసుకు ఫోను చేశాను, పేరు చెప్పలేదు. మగతనం అంతవరకే.

వాళ్ళు జీపును మాత్రమే చూసి పోతారనుకున్నాను. ఒక్కడి మీద కక్ష కట్టారన్న మాట రాకూడదట, వీధంతా తిరిగి ఐదిళ్ళకు నారింజ రంగు కాగితాలు అంటించారు. నడవని బండి బయట ఉండకూడదు, పది రోజుల్లో నడవాలి, లేదా గరాజులోకి పోవాలి. జీపు వాడు ఆ సాయంత్రమే నలుగురిని పిలిచి దాన్ని గరాజులోకి నెట్టించి తలుపు వేసుకున్నాడు. కుర్చీ కోసం పైకప్పు ఎత్తు చేసిన ఆర్డిత్ వ్యాన్ వాళ్ళ గరాజు తలుపులో పట్టదు.

పదో రోజున ఊరి ఆఫీసు ఇన్‌స్పెక్టర్ ట్రెంట్ బోమన్ వచ్చాడు. చిన్నప్పుడు మెర్విన్ బస్సుల్లో బడికెళ్ళినవాడే. నేను కంచె దగ్గర నిలబడి అంతా విన్నాను.

"మెర్విన్ గారూ, ఇంజను స్టార్ట్ అవుతుందా?"

"అవుతుంది."

"కదులుతుందా?"

"వెనక్కి కదులుతుంది."

ట్రెంట్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకదే చాలు. వెనక్కి రెండడుగులు పోనిచ్చి చూపించండి. సొంతంగా కదిలిందని రాసుకుని పోతాను. ఎటు కదిలిందని కాగితంలో ఎవడూ అడగడు."

"వెనక్కి మాత్రమే పోయేదాన్ని నడిచే బండని ఎవడంటాడు అబ్బాయీ?"

"మీరేం అనక్కర్లేదు. కింద సంతకం పెట్టండి, అంతే."

"నడుస్తుందని నేను సంతకం పెట్టాలా?"

"ఆర్డిత్ గారి కోసమైనా పెట్టండి."

"అలా పెట్టేవాణ్ణయితే చిన్నప్పుడు నువ్వు ఏ గుంటలోనో ఉండేవాడివి. నెల రోజులు గడువివ్వు. గేర్‌బాక్స్ దొరుకుతుంది."

"గడువివ్వడం నా చేతుల్లో లేదండీ."

ట్రెంట్ బండి నడవదని రాసుకున్నాడు. అబద్ధం రాయడానికి చెయ్యి వస్తుందట గానీ నెల గడువు ఇవ్వడానికి రాదట. ఛీ, అదొక చట్టం, దానికొక ఆఫీసు.

సోమవారం పొద్దున వ్యాన్‌ను గొలుసులు వేసి లాక్కుపోయారు. లాగుతుంటే లిఫ్టు ఊడి రోడ్డుకు రాసుకుంది. విడిపించుకొచ్చినా పెట్టుకోవడానికి చోటు లేదు. మూడు వారాల తర్వాత తుక్కు కింద పోయిందని ఉత్తరం వచ్చింది.

మా ఆవిడ ఓవెన్‌లో ఒక గిన్నెడు క్యాసరోల్ వంటకం చేసి నా చేతికిచ్చి వాళ్ళింటికి పంపింది. మెర్విన్ వాకిట్లో వ్యాన్ తాలూకు నూనె మరకలు కడుగుతున్నాడు. గిన్నె అందుకుని, "వీధి మొత్తంలో నువ్వొక్కడివే వచ్చావు ఫ్లాయిడ్" అన్నాడు. ఆ మాటకు నామీద నాకే రోత పుట్టింది.

"ఫోను చేసింది నేనే" అన్నాను. "జీపు గురించి చేశాను. ఇంతవరకూ వస్తుందనుకోలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. మెర్విన్ గిన్నె తిరిగి నా చేతిలో పెట్టాడు.

"లోపలికెళ్ళి ఆర్డిత్‌కి నువ్వే ఇయ్యి. ఫోను సంగతీ నువ్వే చెప్పు" అన్నాడు. "ఇంట్లోనే ఉంటుంది. ఎక్కడికీ పోదుగా."