చిన్నతాత పేరు కోసం డబ్లిన్‌లో ఒక రోజు

నా భార్య శారద బోమాంట్‌లోని ఆసుపత్రిలో డాక్టరు. వాళ్ళ తాతగారి తమ్ముడు పెదప్రోలు వెంకటరత్నం కూడా డాక్టరే. బందరు నుంచి పైచదువుకు డబ్లిన్ వచ్చి, ఇక్కడే పౌరసత్వం తీసుకుని ఉండిపోయాడు. కొన్నేళ్ళకు ఉత్తరాలు ఆగిపోయాయి. పరాయి దేశంలో దిక్కులేకుండా పోయాడని వాళ్ళింట్లో అనుకునేవారు. శారదకు ఆ మాట మింగుడుపడేది కాదు. "ఆఖర్న పక్కన ఎవరైనా ఉన్నారో లేదో తెలిస్తే చాలండీ" అనేది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి పాత రికార్డులు వెతికింది. దొరకలేదు. కిందటి శీతాకాలం తను పోయింది. ఈ వేసవిలో మాంద్యం పేరు చెప్పి క్లాండాల్కిన్‌లో మా కంపెనీ మూసేశారు. నెలాఖరుకు ఇంటి లీజు ముగుస్తుంది. నేనూ మా అమ్మాయి మేఘనా హైదరాబాద్ వెళ్ళిపోతున్నాం. ఈలోగా ఆ వెతుకులాట ఒకసారి నేను చేద్దామనుకున్నాను.

రెడ్ కౌ స్టాపులో లూవాస్ ట్రామ్ ఎక్కితే అరగంటలో ఊరి నడిబొడ్డున దిగవచ్చు. రానూపోనూ టికెట్ నాలుగైదు యూరోలు. దారి పొడవునా అద్దెకివ్వబడును అన్న బోర్డులే. నది దాటి ఇరవై నిమిషాలు నడిస్తే ప్రభుత్వ పాత రికార్డులు చదువుకునే గది వస్తుంది. పదింటికి తెరుస్తారు. ప్రవేశం ఉచితం. పాస్‌పోర్టు, చిరునామా ఉన్న కరెంటు బిల్లు చూపిస్తే అక్కడికక్కడే కార్డు ఇస్తారు. సంచీ, పెన్ను బయటే ఉంచాలి. లోపలికి పెన్సిలే.

పౌరసత్వం ఇచ్చినవాళ్ళ పేరు, వృత్తి, చిరునామా అప్పట్లో గెజెట్‌లో అచ్చువేసేవారు. ఆయన ఉత్తరాలు ఆగిన కాలానికి ముందువెనకల సంపుటాలు అడిగాను. ఇంటిపేరును బట్టి అక్షరక్రమంలో ఉంటాయి కనుక పెదప్రోలు కోసం 'పి' కింద చూశాను. మధ్యాహ్నం దాకా చూశాను. లేదు.

తర్వాతి సంపుటం వచ్చిందని కౌంటర్లో ఆవిడ పిలిచింది. "మిస్టర్ సత్యనారాయణ." చేతిలో కార్డు చూసుకున్నాను. దానిమీదా అంతే. మా ఇంటిపేరు మల్లవరపు. మనం దాన్ని ముందు రాసుకుంటాం. ఇక్కడివాళ్ళు చివరిమాటనే ఇంటిపేరనుకుంటారు. ఇన్నేళ్ళుగా ఇక్కడ నేను మిస్టర్ సత్యనారాయణనే. ఆ పిలుపు ఎంత అలవాటైపోయిందంటే, అది వింతని కూడా మరిచిపోయాను. శారదకేమో పుట్టింటి పేరంటే గొప్ప పట్టింపు. పెదప్రోలు వారి మనిషిని పెదప్రోలు అనే వెతికి ఉంటుంది.

చూసేసిన సంపుటాలన్నీ మళ్ళీ తెప్పించుకుని 'వి' కింద వెతికాను. మూడోదాంట్లో ఉన్నాడు. వెంకటరత్నం, పెదప్రోలు. వైద్యుడు. రాత్‌మైన్స్‌లో ఒక వీధి, ఇంటి నంబరు.

రాత్‌మైన్స్‌కు కాలువ దాటి నడిచే వెళ్ళాను. అరగంట పట్టింది. ఆ ఇల్లు ఇప్పుడు వాటాలుగా విడిపోయింది. గంట కొడితే ఎవరూ పలకలేదు. పక్కింటి ముందు గులాబీలు కత్తిరిస్తున్న ముసలావిడ, బ్రైడీ అని తర్వాత తెలిసింది, ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారా అని అడిగింది. కాదని, వచ్చిన పని చెప్పాను. కత్తెర కింద పెట్టేసింది.

"డాక్టర్ వెంకట్! రండి, లోపలికి రండి."

ఆయన నేను గంట కొట్టిన ఇంట్లోనే మేడమీద ఉండేవాడట. ఆదివారం భోజనం వీళ్ళింట్లోనే. ఆయన కూర వండితే వీధిలో కిటికీలు మూసుకునేవారట. వాళ్ళ నాన్న ఒక్కడు పళ్ళెం పట్టుకుని బయల్దేరేవాడట. టీ పోస్తూ ఇవన్నీ చెప్పింది. నేను అడగాల్సింది అడిగాను, ఆఖర్న ఆయన పక్కన ఎవరైనా ఉన్నారా అని.

"మా అమ్మ ఉంది" అంది. "జ్వరంతో ఇంగ్లీషు పూర్తిగా మరిచిపోయాడు. మీ భాషలోనే ఏదో అడుగుతూ ఉన్నాడు. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని, ఏమడిగినా 'గ్రాండ్, డాక్టర్, అంతా గ్రాండ్' అంటూ కూర్చుంది. తెల్లారేదాకా." గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ళ మాటల్లో బాగుంది, ఫరవాలేదు అని.

మీ ఆవిడ రాలేదేమని అడిగింది. చెప్పాను. లేచి నా కప్పులో మళ్ళీ టీ పోసింది.

బస్‌స్టాపు నుంచి మేఘనకు ఫోన్ చేశాను. దొరికాడమ్మా అన్నాను. అది ఇంగ్లీషులోనే అడిగింది. "వాజ్ హీ ఆన్ హిస్ ఓన్, డాడ్?"

"లేదురా. పక్కింటావిడ ఉంది."

"దట్స్ గ్రాండ్, సో" అంది.

శారదకు ఆఖరిరోజు నేను పక్కనే ఉన్నాను. తను ఏదో అడిగింది. గొంతు సరిగా రాలేదు, నాకు అర్థం కాలేదు. సరే, అలాగే అన్నాను. ఏమి అడిగిందోనని ఇన్ని నెలలుగా ఆలోచిస్తున్నాను. బ్రైడీ వాళ్ళమ్మ అలా ఆలోచించి ఉంటుందని అనుకోను. బస్సు వచ్చింది, ఎక్కాను.

మీరూ ఇలాంటి పనిమీద వెళితే ఒక్కమాట. మనవాళ్ళ పేరును రెండు చివర్ల నుంచీ వెతకండి. చిరునామా దొరికితే కాగితంతో ఆగకండి, వెళ్ళి ఆ పక్కింటి తలుపు కూడా తట్టండి.